ఎడమవైపు యాక్సిలరేటర్

మార్చి 3

మరదలు పిల్లకు,

క్షేమంగా చేరాం. కొండ మీద రేకుల గదుల్లో మా కాపురం. ఫోను ఎంత ఎత్తున పట్టుకుని గెంతినా సిగ్నల్ ఒక్క గీత కూడా రాదు. మీ అన్నయ్య మూడు రోజులు గెంతి విరమించుకున్నారు. గురువారం గురువారం సరుకుల లారీ వస్తుంది, ఉత్తరాల సంచీ అందులోనే వస్తుంది, అందులోనే పోతుంది. ఈ సొరంగం పూర్తయ్యేదాకా నీకూ నాకూ కాగితమే దిక్కు.

ఇక అసలు సంగతి. నా బండి ఎలా ఉంది? ఫ్రిజ్ తలుపు మీద నేను అంటించిన కాగితం చదివావా, లేక దాని మీద కూడా ఏదో బొమ్మ గీశావా? చదవలేదనే నమ్మకంతో మళ్ళీ రాస్తున్నాను. చార్జింగు ఐదో వంతుకు పడిపోకముందే పెట్టాలి. నిండుగా నింపేసి రోజుల తరబడి వదిలెయ్యకూడదు. తిరిగొచ్చాక వేడి చల్లారేదాకా ప్లగ్గు జోలికి పోకూడదు. నా చార్జరే వాడాలి, పార్కింగులో నా ప్లగ్గుకే పెట్టాలి. పెట్రోలు బండయితే ఓ మూల పడేసి వచ్చేదాన్ని. ఈ కరెంటు మోటార్ సైకిల్‌ని అలా వదిలేస్తే బ్యాటరీ చచ్చూరుకుంటుంది కాబట్టి, వేరే గతి లేక తాళం నీ చేతిలో పెట్టాను. అది గుర్తుంచుకో.

వచ్చి తొమ్మిది రోజులైంది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. నువ్వు బాగున్నావా అని కూడా అడుగుతున్నాను, బండి గురించే అనుకోకు.

నీ వదిన

*

మార్చి 12

వదినకు నమస్కారాలు, అన్నయ్యకు అంతకంటే ఎక్కువ నమస్కారాలు (పాపం, గెంతారు కదా),

బండి నాకంటే బాగుంది. దానికి రోజూ తుడుపులు, చార్జింగులు, విశ్రాంతులు. నాకు ఇందులో ఒక్కటీ లేదు. ఈ వారం మూడు షాపుల బోర్డులు రాశాను. ఒకటి కళ్ళద్దాల షాపు. ఓనరు అక్షరాలు చిన్నవిగా రాయమన్నాడు. "చిన్నగా రాస్తే చదవలేనోళ్ళు లోపలికెలా వస్తారండీ?" అంటే, "చదవలేనోళ్ళే కదమ్మా నాక్కావాల్సింది" అన్నాడు. చిన్నవిగానే రాసిచ్చాను.

రెండు చిన్న సంగతులు. నువ్వు అరుస్తావని తెలుసు, అయినా చెప్తున్నాను. ఒకటి, మన బిల్డింగు సెక్రటరీ గారు పార్కింగు ప్లగ్గు పెట్టెకు తాళం వేశారు. నీ బండి బిల్డింగు కరెంటంతా తాగేస్తోందట. అది మన మీటరేనండీ మహాప్రభో అని వైరు పట్టుకుని మీటరు దాకా నడిచి చూపించాను. "రూలు రూలే" అన్నారు. అందుకని ప్రస్తుతానికి రెండో అంతస్తు కిటికీలోంచి వైరు కిందికి వదిలి చార్జింగు పెడుతున్నాను. మొదటి అంతస్తు ఆవిడ దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటోంది, అంటే ఎంత గట్టిగా కట్టానో చూడు.

రెండోది, బండి పక్కన రెండు ఇనప కొక్కేలు పెట్టించాను. నా నిచ్చెన వాటికి తగిలించుకుని పోతున్నాను. ఇన్నాళ్ళూ నిచ్చెన పట్టుకుని బస్సెక్కుతుంటే కండక్టర్లు దానిక్కూడా టికెట్టు కొట్టినంత పని చేశారు. ఇప్పుడు హాయిగా ఉంది.

నీ మరదలు

*

మార్చి 19

మరదలికి,

నీ ఉత్తరం చదివాక టీ కప్పు ఎక్కడ పెట్టానో ఇప్పటిదాకా దొరకలేదు.

కిటికీలోంచి వైరా? ఎంత లావు వైరు? ఇస్త్రీపెట్టెకు కొన్న ఎక్స్‌టెన్షన్ వైరే అయ్యుంటుంది, ఇంట్లో ఇంకోటి లేదు కాబట్టి. దాని మీద తడి తువ్వాళ్ళా? ఆ వైరు గంటల తరబడి అంత కరెంటు మొయ్యలేదు, లోపల కాలుతుంది, పైకి తెలీదు. చేత్తో పట్టుకుని చూడు, వెచ్చగా తగిలితే అదే సాక్ష్యం. ఈ ఉత్తరం అందిన గంటలో దాన్ని పీకెయ్. సెక్రటరీకి విడిగా రాస్తున్నాను.

ఇక ఆ నిచ్చెన. ఆ బండి కొనడానికి నేను ఎన్నేళ్ళు ఆగానో నీకు తెలుసు. దాని పక్కన ఇనప కొక్కేలు దిగ్గొట్టి, పదడుగుల నిచ్చెన కట్టుకుని ఊరేగుతున్నావా? నిచ్చెన ఒక పక్కనే ఉంటే మలుపులో బండి ఏ పక్కకు లాగుతుందో ఆలోచించావా? నా బండికి నిచ్చెన కట్టొద్దు. కొక్కేలు తీయించు. బోర్డులకు బస్సులో పో, ఆ షాపుల వాళ్ళ నిచ్చెనే అడిగి వాడుకో. ఇందులో రెండో మాట లేదు.

ఇక్కడ పనికి ఊపిరాడటం లేదు. కొండకు రెండు వైపుల నుంచీ తవ్వుకొస్తున్నారు, మధ్యలో కలవాలి. కొలతలన్నీ నావి. కలవకపోతే తప్పు కూడా నాదొక్కదానిదే. ఈ పరిస్థితిలో నా బుర్రలో నిచ్చెనలు పెట్టకు.

నీ వదిన

*

ఏప్రిల్ 30

వదినకు,

ఆలస్యమైంది, ఏమనుకోకు. పని ఎక్కువగా ఉంది. వైరు పీకేశాను. కొక్కేలు తీయించేశాను. అంతా బాగానే ఉన్నాం.

ఒక సందేహం. యాక్సిలరేటర్ పిడిలోంచి మూడు వైర్లు వస్తాయి కదా, ఏది దేనికి? నీ దగ్గర బండి పుస్తకం ఉంది కాబట్టి అడుగుతున్నాను. ఊరికే.

అన్నయ్యకు చలి పడుతోందా?

నీ మరదలు

(బస్సులో రాస్తున్నాను, అక్షరాలు చూసి తిట్టకు.)

*

మే 7

మరదలికి,

ఆరు వారాలు. ఆరు గురువారాలు మీ అన్నయ్య ఆ లారీ దగ్గరికి పెళ్ళికొడుకులా తయారై వెళ్ళి ఉత్త చేతులతో వచ్చారు. తీరా వచ్చింది పది వాక్యాలు. అవి కూడా ఏ భాషో తేల్చుకోవడానికి మాకు పూట పట్టింది. ఊళ్ళో సగం షాపుల బోర్డులు రాసిన దానివి, ఇంటివాళ్ళకు రాసేటప్పటికి అక్షరాలిలా తాగినట్టు తూలుతున్నాయేం? ఏ బస్సది, ఏ గుంతల్లో పోయింది?

"ఊరికే" వైర్ల గురించి ఎవరూ అడగరు. ఒకటి కరెంటు ఇచ్చేది, ఒకటి వెనక్కి తీసుకునేది, మూడోది పిడి ఎంత తిప్పామో మోటారుకు చెప్పేది. చెప్పాను కదా అని వాటి జోలికి వెళ్తే ఊరుకోను. ఆ మూడోదానికి ఇంకోటి తగిలిందంటే బండి నువ్వు చెప్పకుండానే పరిగెడుతుంది.

పైగా ఈ సంచీలోనే సెక్రటరీ గారి జవాబు కూడా వచ్చింది. ప్లగ్గు తాళం గురించి ఒక్క మాట లేదు. "ఎవరో మగమనిషి రోజూ మీ బండి విప్పుతున్నాడు, మీ మరదలు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటోంది, ఇది కుటుంబాలుండే బిల్డింగు" అని రెండు పేజీలు. ఎవరతను? నా బండి ఎందుకు విప్పుతున్నాడు? నువ్వెందుకు కూర్చుంటున్నావు, నీకు పని లేదా? పని ఎక్కువగా ఉందని కదా రాశావు?

నీ వదిన

*

మే 25

వదినకు,

సెక్రటరీ గారి మాటకు ఉన్నపాటి విలువ నా మాటకు లేదన్నమాట. సంతోషం.

ఆయన లిఫ్టు మెకానిక్. కింది వాటాలోకి కొత్తగా వచ్చారు. చార్జింగు కూడా ఇప్పుడు ఆయన వాటా ప్లగ్గుకే. వైర్ల సంగతి ఆయనకు నీకంటే తెలుసు. ఆయన లేకపోతే ఈ రెండు నెలలు నాకు గడిచేవి కావు. అంతకంటే ఇప్పుడేం అడక్కు.

దాచడం ఎందుకు, సెక్రటరీ గారు ఎలాగూ రాస్తారు. యాక్సిలరేటర్ ఎడమవైపుకు మార్చాం. ముందు చక్రం బ్రేకు కూడా అటే వచ్చింది. ఈ బండికి క్లచ్చు లేదు, గేర్లు లేవు, ఎడమ చెయ్యి ఊరికే పిడి పట్టుకుని కూర్చుంటుంది, అంతే కదా. దానికీ ఒక పని ఇచ్చాం. బాగానే పని చేస్తోంది. కావాలంటే మళ్ళీ మార్చొచ్చు, మూడు వైర్లేగా. పెయింటు డబ్బాలూ అవీ పట్టుకోవడానికి కుడి చెయ్యి ఖాళీగా ఉంటుందని మార్చాం.

ఇంక బండి గురించి కాకుండా ఇంకేదైనా రాయి వదినా. సొరంగం ఎంతవరకు వచ్చింది?

నీ మరదలు

*

జూన్ 4

మరదలికి,

సొరంగం మూడు వందల మీటర్లు మిగిలింది. అది నయం, ఎటు పోతోందో నాకు తెలుసు.

యాక్సిలరేటర్ ఎడమవైపా! నడిపేవాళ్ళందరి చేతులకూ కుడివైపు అలవాటు. ఏ కుక్కో అడ్డం వచ్చినప్పుడు బుర్ర పని చెయ్యదు, చెయ్యి పని చేస్తుంది. పెయింటు డబ్బా ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో బండి నడుపుతావా? ఈ మాట నువ్వే అన్నావా, ఆ లిఫ్టు మహానుభావుడు అనిపించాడా? లిఫ్టు పైకీ కిందికీ తప్ప ఎటూ పోదు. మలుపుల సంగతి ఆయనకేం తెలుసు?

ఇంకా "ఆయన లేకపోతే రెండు నెలలు గడిచేవి కావు." ఈ వాక్యం మీ అన్నయ్య నాలుగుసార్లు చదివారు. వయసెంత, ఇంట్లో ఎవరున్నారు, ఎక్కడివాడు, ఏదీ రాయవు. పెళ్ళి మాటెత్తితే పదేళ్ళుగా పళ్ళు కొరికేదానివి. ఇప్పుడు చేసుకుంటానంటే మేం కాదంటామా? చెప్పుకోవడానికి మేం పనికిరాలేదా? కానీ నీ స్నేహానికి నా బండి బలి కానక్కర్లేదు.

నిర్ణయం చేశాను. బండి అమ్మేస్తున్నాను. మా స్టోరు గుమాస్తా తమ్ముడు మన ఇంటికి దగ్గర్లోనే ఉంటాడు, ఈ నెల పద్నాలుగున వచ్చి చూస్తాడు. ఆ లోపల అన్నీ యథాస్థానంలో పెట్టించు.

నీ వదిన

*

జూన్ 17

వదినకు,

గుమాస్తా గారి తమ్ముడి దగ్గర్నుంచి నీకు ఉత్తరం వస్తుంది. అది చదివే ముందు ఇది చదువు.

ఆయన పద్నాలుగున పొద్దున పదింటికే వచ్చారు. నేనింకా కిందికి దిగనే లేదు, మొదటి అంతస్తు ఆవిడ, నేను తన దగ్గర ఉంచిన తాళం ఇచ్చేసింది. ఆయన ఎక్కి కూర్చుని కుడి పిడి తిప్పి తిప్పి చూసి, "ఇది చచ్చిపోయిందమ్మా" అన్నారట. సరే, దిగి పక్కకు నెడదామని ఎడమ పిడి గట్టిగా పట్టుకోగానే అది కాస్తా తిరిగింది. బండి ఆయన్ని ఈడ్చుకుంటూ పోయి సెక్రటరీ గారి పూలకుండీల్లో పడింది. ఆయన మోచెయ్యి గీసుకుపోయింది, వేరే ఏమీ కాలేదు. అద్దం ఒకటి పగిలింది. కుండీలు ఏడు. సెక్రటరీ గారు నన్ను అన్న మాటలు రాయను, ఈ ఒక్కసారికి ఆయన కోపంలో న్యాయం ఉంది.

మెట్ల మీద నిలబడి అదంతా చూశాక ఇంక దాచలేననిపించింది. ఆయన్ని ఆపడానికి ఒక్క మాట అరవలేకపోయాను. ఎవరికైనా ప్రాణం మీదికొచ్చి ఉంటే అది నా అబద్ధం వల్లే.

వదినా, నేను మార్చి ఇరవై ఆరున నిచ్చెన మీంచి పడ్డాను. కుడి చెయ్యి, భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది. కానీ ఆ ఎముకను చుట్టుకుని ఒక నరం పోతుందట, అది నలిగింది. మణికట్టు పైకి లేవదు. చెయ్యి చాపితే వేళ్ళు వాడిపోయిన ఆకులా కిందికి వేలాడతాయి. ముడవగలను, తెరవలేను. కుంచె పట్టుకోలేను, పిడి తిప్పలేను. డాక్టరు గారు ఏడాది దాకా చూడాలంటారు. "వస్తుందా అండీ?" అంటే, "రావచ్చు" అంటారు. ఆ మాట ఆయన ఎన్ని రకాలుగా అంటారో! నేను ఇంటికొచ్చి ఒక్కోదాన్నీ తూకం వేసుకుంటాను.

నీకు తాగినట్టు తూలుతున్నాయన్నావే, ఆ అక్షరాలు నా ఎడమ చేతివి. ఈ ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. అయినా ముందటికంటే నయం, చూడు.

లిఫ్టు మెకానిక్ గారికి అరవై ఎనిమిదేళ్ళు. సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నేను మెట్ల దగ్గర తలుపు తాళం తియ్యలేక ఏడుస్తుంటే చూశారు. "ఏంటమ్మా, తాళానికి ఏడుస్తారా?" అన్నారు. తాళానికి కాదండీ అన్నాను. ఆ తర్వాత ఆయనే అడిగారు, కింద బండెవరిదని. దాంట్లో క్లచ్చు లేదని విని గంటసేపు దాని ముందు గొంతుక్కూర్చున్నారు. "ఒక చెయ్యి చాలమ్మా దీనికి" అన్నారు. పడ్డాక నాకు ఎవరూ చెప్పని మాట అది. అందరూ ఏం చెయ్యలేనో చెప్పారు.

రోడ్డు మీద నడపలేదు, ఒట్టు. వెనక ఖాళీ స్థలంలో గుండ్రంగా తిరుగుతున్నాను. కుడి మణికట్టుకు డాక్టరు ఇచ్చిన పట్టీ వేసుకుని పిడి మీద ఆనిస్తాను, ఆసరాకు. తిరగడం వచ్చింది, ఆగడం వచ్చింది.

ఎందుకు చెప్పలేదంటావు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నువ్వు మా ఇంటికొచ్చావు. నాకు టైఫాయిడ్ వచ్చిన ఏడు నువ్వు వంతెన పని వదులుకుని నా మంచం పక్కన కూర్చున్నావు. ఆ వంతెన ఇంకెవరో కట్టారు. ఇప్పుడు చెప్తే సొరంగం వదిలేసి వస్తావు. ఇంకోసారి అలా జరిగితే నేను తట్టుకోలేను. రావద్దు. బండి మాత్రం అమ్మకు. బతిమాలుతున్నాను.

నీ మరదలు

*

జూన్ 25

నీకు,

ఏమని పిలవాలో తెలియడం లేదు, నీకు అని రాశాను.

మీ అన్నయ్య నీ ఉత్తరం చదివి బయటికెళ్ళి కంకర కుప్ప మీద కూర్చున్నారు. భోజనానికి పిలిచినా రాలేదు. నేను మాత్రం తిట్టుకుంటూ కూర్చున్నాను. నిన్ను కాదు, నన్ను కూడా కాదు, అన్నిటినీ. మూడు నెలలు! ఆపరేషన్ కాగితాల మీద ఎవరు సంతకం పెట్టారు? జుట్టు ఎవరు దువ్వారు? నేను ఇక్కడ కూర్చుని నీ దస్తూరీని వెక్కిరించాను. ఆ మాట రాసిన చేతిని ఏం చేసుకోను?

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. తేదీలు చూశాను. కొలతలు చూసుకోవడమే కదా నా బతుకు. నా మార్చి పంతొమ్మిది ఉత్తరం నీకు ఇరవై నాలుగుకో ఇరవై అయిదుకో చేరి ఉంటుంది. నువ్వు పడింది ఇరవై ఆరున. ఆ రోజు నువ్వెక్కింది ఎవరి నిచ్చెన?

నేను రావడం లేదు. నువ్వు వద్దన్నావని కాదు. ఇంకా రెండు వందల మీటర్లుంది, ఇప్పుడు వదిలేస్తే నువ్వు నన్ను జన్మలో క్షమించవు, అది నాకు అర్థమైంది. ఇక్కడ కూర్చోవడం నాకెంత కష్టంగా ఉందో నీకు అర్థమవ్వాలి. మీ అన్నయ్యను పంపుతున్నాను. వచ్చే లారీలో దిగుతారు. నీకు సాయంగా ఉంటారు.

బండి అమ్మను. కానీ ఆ పిడికి ఆపే మీట లేకుండా ఇంకొక్క చుట్టు కూడా తిరగొద్దు. నీ మణికట్టుకు తాడు కట్టుకో, తాడు ఊడితే మోటారు ఆగిపోవాలి. లిఫ్టుల్లో అలాంటివి పెట్టే ఉంటారు కదా, ఆయన్నడుగు. పూలకుండీల సంగతి నేను సెక్రటరీకి రాస్తాను.

వదిన

*

జూలై 14

వదినకు,

నువ్వు పంపిన సాయం అందింది. తల ప్రాణం తోకకొచ్చింది.

అన్నయ్య వచ్చిన రోజు సంచీ గుమ్మంలోనే పడేశారు. నా కుడి చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నారు. అది ఒక రోజు. రెండో రోజు నుంచి నన్ను గ్లాసు ఎత్తనివ్వరు, తలుపు తియ్యనివ్వరు. ఎడమ చేత్తో అన్నం కలుపుకుంటుంటే ఎదురుగా కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. నేనేమో నోట్లో ముద్ద పెట్టుకుని ఆయన్ని ఓదార్చాలి. రిటైరైనా లెక్కల మాస్టారే కదా, బండి చార్జింగుకు పట్టిక వేశారు. పావుగంటకోసారి కిందికి దిగి అంకె రాసుకొస్తారు. చార్జరు మీద పచ్చదీపం వెలిగిందని నిన్న నన్ను నిద్రలోంచి లేపారు.

ఒక మంచి పని చేశారు. సెక్రటరీ గారి దగ్గరికెళ్ళి మీటరు లెక్క గంటన్నర సేపు వివరించారు. ఆయన ప్లగ్గు పెట్టె తాళం తీసి చేతిలో పెట్టి, "మీరు మాత్రం మళ్ళీ రాకండి" అన్నారు.

నువ్వడిగిన దానికి జవాబు. షాపు వాళ్ళ నిచ్చెన. నాలుగో మెట్టు పుచ్చి ఉంది. నేను చూసుకోలేదు. చూసుకోవాల్సింది నేనే, పదహారేళ్ళుగా ఎక్కుతున్నాను. నీ ఉత్తరం చదివి ఉక్రోషంతో చూసుకోలేదు, అదీ నిజమే. నీ తప్పని ఒక్క రోజూ అనుకోలేదని రాద్దామనుకున్నాను. రెండు రోజులు అనుకున్నాను వదినా. ఆసుపత్రిలో. తర్వాత అనుకోలేదు.

మణికట్టు తాడు పెట్టారు. ఊడితే టక్కున ఆగుతోంది. "ఇది మీ వదినగారి బుర్రా? లిఫ్టుల్లోకి రావాల్సిన మనిషి" అన్నారు మెకానిక్ గారు. ఆగస్టు ఏడున రవాణా ఆఫీసులో పరీక్ష ఉంది, బండికీ నాకూ. బండిలో మార్పులకు ఓనరు అనుమతి కావాలట. కాగితం ఇందులో పెట్టాను. సంతకం పెట్టి పంపు.

నీ మరదలు

*

జూలై 23

మరదలు పిల్లకు,

సోమవారం మధ్యాహ్నం రెండు వైపులా కలిశాయి. అటువాళ్ళ డ్రిల్లు ఇటు గోడలోంచి పొడుచుకొచ్చింది. తేడా ఎంతో తెలుసా? నా చిటికెన వేలంత. అందరూ అరుస్తున్నారు, ఎవరో నా టోపీ లాక్కుని పైకి విసిరారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. దుమ్మని చెప్పాను.

రెండు రోజులన్నావు. నేనైతే రెండేళ్ళు అనుకునేదాన్ని. ఆ నిచ్చెన మాట నేను రాసింది పని చిరాకులో. నిచ్చెన ఎలా కట్టాలో చెప్పాల్సింది పోయి, కట్టొద్దని రాశాను. తప్పు. ఒక్క ముక్కలో రాస్తే చిన్నదిగా కనిపిస్తోంది, కానీ ఇంతకంటే ఎలా రాయాలో నాకు రాదు. కొక్కేల బొమ్మ గీసి పంపుతున్నాను, కొలతలతో సహా. నిచ్చెన రెండు ముక్కలుగా మడిచేది కావాలి, రెండు పక్కలా బరువు సమంగా పడాలి. నీ మెకానిక్ గారిని ఒక్క అంగుళం కూడా సొంత తెలివి వాడొద్దని చెప్పు.

నువ్వు పంపిన అనుమతి కాగితం మీద సంతకం పెట్టలేదు. ఎన్నిసార్లు చదివినా నాకు మనసొప్పలేదు. నా బండి యాక్సిలరేటర్ ఎడమవైపుకు మార్చడానికి నేను ఒప్పుకోను, చచ్చినా ఒప్పుకోను. అందుకని బండి నీ పేర మార్చేశాను. ఆ కాగితాలు ఇందులో ఉన్నాయి, నువ్వు సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టాను. ఇక నీ బండి, నీ ఇష్టం.

మీ అన్నయ్య పట్టిక చించెయ్. నా మాటగా చెప్పు.

నీ వదిన

*

ఆగస్టు 10

వదినకు,

నీ కాగితాలు చూసి అన్నయ్య "మీ వదినకు తిక్క" అన్నారు. అంటూనే వాటిని నాలుగుసార్లు మడత సరిచేశారు.

పరీక్ష సంగతి విను. ఆ ఆఫీసు వెనక పెద్ద స్థలం, సున్నంతో గీతలు. మా ముందు పాతికమంది. ఇన్‌స్పెక్టరు గారు పొడుగ్గా, ఎండకు విసిగిపోయి ఉన్నారు. బండి చూసి, నా చెయ్యి చూసి, "ఇదెవరు చేశారమ్మా?" అన్నారు. మెకానిక్ గారు వెనక్కి జరిగారు. ఆయన వైపు చూపించాను. ఇన్‌స్పెక్టరు గారు మోకాళ్ళ మీద కూర్చుని వైర్లు చూశారు, తాడు లాగి చూశారు. నాలుగుసార్లు లాగారు. నాలుగుసార్లూ మోటారు ఆగింది.

మొదటి చుట్టు బాగానే చేశాను. ఎనిమిది ఆకారంలో తిరగమన్నారు, తిరిగాను, ఒక చోట కాలు నేలకు ఆన్చాను. ఆయన అది రాసుకున్నారు. తర్వాత, "వెనకాల బరువుతో చూడాలి. ఎవరైనా కూర్చోండి" అన్నారు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మెకానిక్ గారు చిన్నగా దగ్గారు. అప్పుడు అన్నయ్య వచ్చారు వదినా. చెప్పులు విడిచి, పెట్టుకున్న కళ్ళజోడు తీసి మెకానిక్ గారి చేతికిచ్చి, నా వెనక ఎక్కి కూర్చున్నారు. పొట్ట నా వీపుకు తగిలి గుండె ఎంత కొట్టుకుంటోందో తెలుస్తోంది. "అన్నయ్యా, దిగుతారా?" అన్నాను. "నడుపు," అన్నారు, "నాకేం కనిపించట్లేదు, భయం లేదు."

రెండోసారి కాలు ఆన్చలేదు. ఇన్‌స్పెక్టరు గారు కాగితం మీద ముద్ర వేసి ఇస్తూ, "ఇంతకీ కుడి చెయ్యి బాగైతే మళ్ళీ మారుస్తారా?" అని అడిగారు. తెలీదండీ అన్నాను. నిజంగానే తెలీదు. డాక్టరు గారు ఇంకా "రావచ్చు" దగ్గరే ఉన్నారు. నేను మాత్రం ఎడమ చేత్తో రోజూ ఒక పేజీ అక్షరాలు దిద్దుతున్నాను. గుండ్రాలు వస్తున్నాయి, నిలువు గీతలు రావడం లేదు. కళ్ళద్దాల షాపాయన వచ్చి, బోర్డు పక్క గోడ మీద ఒక పెద్ద కన్ను గీయమన్నాడు. గుండ్రమే కాబట్టి ఒప్పుకున్నాను.

ఇప్పుడు రా వదినా.

ఇన్నాళ్ళూ రావద్దన్నాను. సొరంగం కలిసింది, నాకు పరీక్ష అయింది, ఇప్పుడు నువ్వు వదులుకోవాల్సింది ఏమీ లేదు. సాయానికి కాదు, చూసుకోవడానికీ కాదు. జుట్టు నేనే దువ్వుకుంటున్నాను, పాపిడి వంకరగా వస్తోంది. దాన్ని చూసి నువ్వు విసుక్కుంటే వినాలని ఉంది. నాలుగు నెలలుగా ఎవరూ నన్ను సరిగ్గా తిట్టలేదు. అందరూ మెత్తగా మాట్లాడుతున్నారు, పిచ్చెక్కుతోంది.

ఏ రోజు వస్తావో రాయి. బస్‌స్టాండుకు నేనే వస్తాను, అన్నయ్యను పంపను. వెనక ఎక్కి కూర్చో. హ్యాండిల్ వైపు చెయ్యి చాపకు, బ్రేకు ఎప్పుడు వెయ్యాలో చెప్పకు. మలుపుల్లో భయమేస్తే నన్ను పట్టుకో, కానీ కుడి భుజం కాదు, ఎడమదీ కాదు. నడుం పట్టుకో.

నీ మరదలు